అన్నదమ్ముల పంపకాలు - పాలేరు వాటా

ఆంధ్ర చరిత్ర అనగానే మనకి మూడు తేదీలు నూరిపోస్తారు. 1953 అక్టోబరు 1, 1956 నవంబరు 1, 2014 జూన్ 2. మొదటి తేదీన తెలుగు జిల్లాలు మద్రాసు నుంచి విడిపోయాయి. రెండో తేదీన హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలతో కలిశాయి. మూడో తేదీన మళ్ళీ విడిపోయాయి. మధ్యలో 1972-73లో విజయవాడ కేంద్రంగా 'జై ఆంధ్ర' అంటూ విడిపోవాలని చూశాయి, కుదరలేదు. అరవై ఏళ్ళలో ఇన్నిసార్లు కలిసి, ఇన్నిసార్లు విడిపోయిన జాతి మరొకటి ఈ దేశంలో కనపడదు.

ఈ చరిత్ర రాసిన పండితులు నాలుగు మాటలు పట్టుకుని రాశారు. భాష, నీళ్ళు, ఉద్యోగాలు, రాజధాని. ఆ నాలుగింటి మధ్య పల్లె అన్నమాట ఎక్కడా లేదు. కృష్ణా డెల్టాలో పల్లె అంటే ఊరు కాదు, ఊరి చివర మాలపల్లె, మాదిగ గూడెం. మేం ఆ పల్లెల్లోంచి వచ్చినవాళ్ళం కాబట్టి అక్కడ నిలబడే ఈ తేదీల్ని చూడాలనుకున్నాం.

డెల్టాలో ఉమ్మడి కుటుంబాలు విడిపోయే తీరు మనందరికీ తెలుసు. పెద్దమనుషులు కూర్చుంటారు. పొలం, ఇల్లు, ఎడ్లు, గడ్డివాము, ఇత్తడి సామాను, అప్పులు అన్నీ లెక్కేస్తారు. అన్నకింత, తమ్ముడికింత అని కాయితం రాస్తారు. తరతరాలుగా ఆ పొలం దున్నిన పాలేరు ఆ కాయితంలో పంచుకునేవాడుగా ఉండడు. ఉంటే గింటే పంచబడే వస్తువుగా ఉంటాడు. ఆంధ్ర రాష్ట్ర చరిత్రలో జరిగిన ప్రతి పంపకమూ ఈ పద్ధతిలోనే జరిగిందనేది మా వాదన.

విడిపోవడం ఎవరి చేతిలో ఉంది?

ముందు చట్టం సంగతి చూద్దాం. పెద్ద సమాఖ్య నుంచి ఒక భూభాగం విడిపోయే దారి ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంది. సోవియట్ యూనియన్ 1977 రాజ్యాంగం, 72వ అధికరణంలో, ప్రతి రిపబ్లిక్కుకీ విడిపోయే హక్కు ఉందని రాసింది. కాయితం మీదే ఉంటుందనుకున్న ఆ హక్కు 1991లో నిజమైంది. సింగపూరు 1965 ఆగస్టు 9న మలేసియా నుంచి బయటపడింది. చెక్, స్లోవాక్ ప్రాంతాలు 1993 జనవరి 1న నెత్తురు చిందకుండా రెండు దేశాలయ్యాయి. తూర్పు పాకిస్తాన్ 1971లో బంగ్లాదేశ్ కావడానికి యుద్ధమే అవసరమైంది.

మన రాజ్యాంగం దారి వేరు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదా ప్రవేశపెడుతూ అంబేద్కర్ ఒక విషయం తేటగా చెప్పారు. ఈ సమాఖ్య రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటే పుట్టింది కాదు, అందుకే ఏ రాష్ట్రానికీ దీన్నుంచి విడిపోయే హక్కు లేదు. 'యూనియన్' అన్న మాట వాడింది ఇందుకే. ద్రవిడనాడు పేరుతో వేరే దేశం అడిగిన ద్రావిడ మున్నేట్ర కళగం 1963లో 16వ సవరణ వచ్చాక ఆ డిమాండు వదిలేసుకుంది. ఆ ద్రవిడనాడు పటంలో మన ఆంధ్ర కూడా ఉండేదని ఇవాళ చాలామందికి తెలియదు.

దేశం నుంచి విడిపోవడం కుదరదు, దేశంలోపల రాష్ట్రం నుంచి రాష్ట్రం విడిపోవచ్చు. దానికి 3వ అధికరణం ఉంది. పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు. విడిపోయే రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి గాని, ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదు. బొంబాయి రాష్ట్ర విభజన కేసులో సుప్రీంకోర్టు 1959లోనే ఈ మాట చెప్పింది. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినా, ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దాన్ని ఆమోదించడం ఈ అధికరణం బలంతోనే.

అంటే రాష్ట్రం పుట్టుకకి ఢిల్లీ ఆమోదం కావాలి, శాసనసభని ఒకసారి అడగాలి. ఆ కొత్త రాష్ట్రంలో మైనారిటీగా మిగిలిపోయేవాళ్ళని అడగాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. మా ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

ఆంధ్రుల కన్నా ముందు ఆది ఆంధ్రులు

ఆంధ్రోద్యమం 1913లో బాపట్లలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభతో మొదలైందని పుస్తకాలు చెబుతాయి. అదే డెల్టాలో నాలుగేళ్ళ తర్వాత, 1917 నవంబరులో, బెజవాడలో మరో సభ జరిగింది. దాన్ని 'పంచమ మహాజన సభ' పేరుతో పిలిచారు. అధ్యక్షత వహించిన హైదరాబాదు నాయకుడు భాగ్యరెడ్డి వర్మ ఆ పేరునే ప్రశ్నించారు. మనం అయిదో వర్ణం కాదు, ఈ నేలకి మొదటివాళ్ళం, ఆది ఆంధ్రులం అన్నారు. సభ ఆ పేరుతోనే ముగిసింది. సభకొచ్చిన జనం కొండెక్కుతారేమోనన్న భయంతో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు.

ఈ రెండు సభల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. బాపట్ల సభ ఆంధ్రుల్ని తమిళుల నుంచి వేరు చేసి చూపింది. బెజవాడ సభ ఆంధ్రులు అనే మాట లోపలే ఎవరెవరున్నారని అడిగింది. భాష ఒకటైతే జాతి ఒకటని మొదటి సభ అంటే, భాష ఒకటే అయినా గుడి తలుపు, బావి గిలక, బడి గుమ్మం ఒకటి కాలేదని రెండో సభ గుర్తుచేసింది. రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న 1921లో 'మాకొద్దీ నల్లదొరతనము' రాశారు. తెల్లదొర పోతే చాలదు, ఆ పీట మీద కూర్చోబోయే నల్లదొర ఎవరో తేల్చాలన్నది ఆ పాట వెనకున్న ప్రశ్న. మద్రాసు దొర పోతే వచ్చే తెలుగుదొర ఎవరన్నది దానికి కొనసాగింపే.

తెలుగు నాయకులు తమలో తాము రాసుకున్న ఒప్పందాలు చూస్తే జవాబు దొరుకుతుంది. 1937 నవంబరు 16న మద్రాసులో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నారు. విశ్వవిద్యాలయం ఎక్కడ, నీళ్ళలో మొదటి హక్కు ఎవరిది, రాజధాని ఎవరికి, హైకోర్టు ఎవరికి అని పంచుకున్నారు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో మంత్రి పదవులు, కొలువులు, ఉర్దూ, తెలంగాణ భూముల అమ్మకాలు అన్నీ ఉన్నాయి. 1973 సెప్టెంబరు 21 నాటి ఆరు సూత్రాల పథకంలో స్థానిక ఉద్యోగాలు, కాలేజీ సీట్లు ఉన్నాయి. మూడు ఒప్పందాలు, మూడూ పెద్దమనుషులవే. అంటరానితనం గురించి, పాలేర్ల గురించి, కూలీల భూమి గురించి ఒక్క కలం కూడా రాసుకోలేదు.

రెండు దీక్షలు

1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి ప్రాణం వదిలారు. 58 రోజులు. తెలుగు జిల్లాలు అట్టుడికిపోయాయి, పోలీసు కాల్పులు జరిగాయి. డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. జస్టిస్ వాంఛూ నివేదిక తర్వాత 11 జిల్లాలు, బళ్ళారి జిల్లాలోని ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలతో కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది. మద్రాసు నగరం రాలేదు.

ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళండి. 1932 సెప్టెంబరు 20న ఎరవాడ జైలులో గాంధీ ఆమరణ దీక్ష మొదలుపెట్టారు. అంటరానివాళ్ళకి ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వకూడదన్నది ఆ దీక్ష. సెప్టెంబరు 24న పూనా ఒప్పందం కుదిరింది. ప్రత్యేక ఓటు పోయి, రిజర్వుడు సీట్లొచ్చాయి. రాష్ట్రాలన్నిటికీ కలిపి 148, మద్రాసుకి 30.

ఒక దీక్ష విడిపోవద్దని, ఒక దీక్ష విడిపోవాలని. తెలుగువాళ్ళు తమిళుల నుంచి వేరుపడితే అది ఆత్మగౌరవం అయింది. అంటరానివాళ్ళు ఓటులో వేరుగా ఉంటామంటే అది హిందూ సమాజాన్ని చీల్చడం అయింది. రెండు చోట్లా అడిగింది ఒకటే: మా ప్రతినిధిని మేం ఎన్నుకుంటాం, మా మీద ఆధారపడని మెజారిటీ మా తరఫున మాట్లాడొద్దు.

శ్రీరాములుగారి మీద మాకు కోపం లేదు. నిజానికి ఆయన్ని మనం తిరిగి మనవైపుకి తెచ్చుకోవాలి. 1946లో ఆయన నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని దీక్ష చేశారు. ఆ దీక్షకి సెలవు రోజు లేదు, జిల్లా పేరు లేదు. రాష్ట్రం కోసం చేసిన దీక్షని ఊరు గుర్తుంచుకుంది, గుడి కోసం చేసిన దీక్షని ఊరు మర్చిపోయింది. ఈ మర్చిపోవడం కూడా చరిత్రే.

1953 సెప్టెంబరు 2

ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీద రాజ్యసభలో చర్చ జరుగుతోంది. అంబేద్కర్ లేచి, భాషా రాష్ట్రంలో ఒకటి రెండు పెద్ద కులాలు అధికారం చేజిక్కించుకుంటే చిన్న కులాల్ని, అంటరానివాళ్ళని కాపాడేదెవరని అడిగారు. మైనారిటీల రక్షణ కోసం గవర్నరుకి ప్రత్యేక అధికారాలు ఇవ్వాలన్నారు. 1935 చట్టంలో గవర్నర్లకి అలాంటి బాధ్యత ఉండేది కూడా. రాజ్యాంగం రాసింది మీరే కదా అని సభ్యులు ఎత్తిపొడిస్తే, దాన్ని తగలబెట్టేవాళ్ళలో తానే ముందుంటానన్న ఆయన ప్రసిద్ధమైన మాట వచ్చింది అప్పుడే. ఆ మాటని దేశమంతా వల్లించారు. ఆ మాట మన రాష్ట్రం పుట్టే బిల్లు మీద, మన గురించి వచ్చిందని మాత్రం మన పాఠ్యపుస్తకాలు చెప్పవు.

ఆయన భాషా రాష్ట్రాలకి వ్యతిరేకి కాదు. 1955లో రాసిన పుస్తకంలో ఆంధ్రని ఉదాహరణగా తీసుకుని, రెండు కులాల చేతిలో భూమి, కొలువు, వ్యాపారం ఎలా పోగుపడ్డాయో, అంటరానివాళ్ళు వాళ్ళ మీద ఎలా ఆధారపడి బతుకుతున్నారో వివరించారు. చిన్న రాష్ట్రాలు మంచివే, అయితే మెజారిటీ కులం మైనారిటీని మింగకుండా కట్టుదిట్టం ఉండాలన్నారు. మొదటి సగం విన్నారు, రెండో సగం వదిలేశారు.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. గవర్నరుకి ప్రత్యేక బాధ్యత అన్న మాట 1953లో మనకోసం అడిగితే చట్టంలోకి ఎక్కలేదు. 1956లో తెలంగాణ ప్రాంతీయ సంఘం సరిగా నడవడం కోసం 371వ అధికరణంలో గవర్నరుకి ప్రత్యేక బాధ్యత రాశారు. 2014 విభజన చట్టం 8వ సెక్షనులో, ఉమ్మడి రాజధాని హైదరాబాదులో ఉండేవాళ్ళ ప్రాణానికి, స్వేచ్ఛకి, ఆస్తికి రక్షణగా పదేళ్ళపాటు గవర్నరుకి ప్రత్యేక బాధ్యత రాశారు. రెండూ తప్పని మేం అనడం లేదు. భయం ఉన్నవాడికి భరోసా రాసివ్వడం న్యాయమే. హైదరాబాదులో ఇల్లు కట్టుకున్నవాడి భయం చట్టానికి అర్థమైంది. కంచికచర్ల పాలేరు భయం ఎందుకు అర్థం కాలేదు?

కంచికచర్ల పేరు ఊరికే తీయలేదు. విజయవాడకి కూతవేటు దూరంలో 1968లో కోటేశు అనే దళిత కుర్రవాడి మీద దొంగతనం మోపి, కట్టేసి తగలబెట్టారు. అప్పటికి తెలుగు రాష్ట్రం వచ్చి పదిహేనేళ్ళు. తగలబెట్టినవాళ్ళూ తెలుగువాళ్ళే, తగలబడినవాడూ తెలుగువాడే.

జై ఆంధ్ర: పొలంగట్టు మీంచి

1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పిచ్చింది. కోస్తా, సీమ విద్యార్థులు, ఎన్జీవోలు భగ్గుమన్నారు. మన రాజధానిలో మనమే పరాయివాళ్ళమా అన్న వాళ్ళ బాధ అబద్ధం కాదు. కాల్పుల్లో పిల్లలు చనిపోయారు. డిసెంబరులో ఉపముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డి, మరికొందరు మంత్రులు రాజీనామా చేశారు. కృష్ణా జిల్లా నాయకుడు కాకాని వెంకటరత్నం డిసెంబరు 25న మరణించారు. 1973 జనవరిలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది.

అదే సంవత్సరం మరో పని కూడా నడుస్తోంది. పి.వి. ప్రభుత్వం 1972లో భూముల అమ్మకాల మీద నిషేధం పెట్టి భూపరిమితి చట్టానికి సిద్ధమైంది. 1973 చట్టం ప్రకారం కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు. 1855కి పూర్తయిన బెజవాడ ఆనకట్ట, 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఈ మాగాణికి బంగారం విలువ తెచ్చాయి. ఆ విలువ ఎవరింటికెళ్ళిందో చెప్పనక్కర్లేదు. ముల్కీ తీర్పు ఒక్కటే ఉద్యమాన్ని లేపిందా, భూపరిమితి భయం దానికి డబ్బూ దన్నూ ఇచ్చిందా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మేం చూసేది ఫలితాన్ని. గొడవ చల్లారేసరికి ఉద్యోగాల తగువుకి 32వ సవరణ, 371-డి, రాష్ట్రపతి ఉత్తర్వు అన్నీ వచ్చాయి. చట్టం చేసిన భూపరిమితి 1975 జనవరి 1 దాకా అమల్లోకి రాలేదు. ఆ వ్యవధిలో కాయితాలు ఎన్ని చేతులు మారాయో డెల్టాలో ఏ కరణాన్నడిగినా చెప్పేవాడు. ఉద్యోగం అడిగినవాడికి రాజ్యాంగం సవరించారు, భూమి అడిగినవాడిని ఆగమన్నారు.

విడిపోతే ఎవరు నడవాలి?

విడిపోయాక పడే భారం గురించి తెలుగు కూలీలకి పాత అనుభవం ఉంది. 1937 ఏప్రిల్ 1న బర్మా బ్రిటిష్ ఇండియా నుంచి వేరుపడింది. రంగూన్ రేవులో మోత మోసినవాళ్ళలో ఎక్కువమంది మన కోస్తా జిల్లాల నుంచి ఓడెక్కినవాళ్ళే. 1930లో రేవు సమ్మె సమయంలో వాళ్ళ మీద దాడులు జరిగాయి. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు ఓడ టిక్కెట్టు కొనలేనివాళ్ళు అడవుల్లో నడిచి దారిలోనే రాలిపోయారు. పాకిస్తాన్ సంగతీ అంతే. తొలి న్యాయశాఖ మంత్రి జోగేంద్రనాథ్ మండల్ తూర్పు బెంగాల్ దళితుల్ని నమ్మించి ఆ దేశంలో ఉన్నారు. 1950లో రాజీనామా చేసి కలకత్తా తిరిగొచ్చారు. కొత్త జెండా ఎగిరే రోజున అందరూ సమానమే. మర్నాటి నుంచి లెక్క వేరు.

2014లోనూ అంతే. తెలంగాణ వస్తే తొలి ముఖ్యమంత్రి దళితుడేనన్న మాట ఉద్యమంలో చెప్పారు, జరగలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య ఒక్కరే, 1960 నుంచి 1962 దాకా. ఇటువైపు అమరావతి. 29 గ్రామాల్లో 30 వేల ఎకరాలు దాటి భూమి సమీకరించారు. పట్టా రైతుకి ఒక లెక్క, అసైన్డ్ భూమి దున్నుకునే రైతుకి మొదట అంతకన్నా తక్కువ లెక్క. భూమిలేని కూలీ కుటుంబానికి నెలకి 2,500 రూపాయల పింఛనుతో మొదలుపెట్టారు. పొలం ఇచ్చినవాడికి ప్లాటు మిగిలింది, పొలంలో పనిచేసినవాడికి పని మిగల్లేదు. పంపకంలో పాలేరు వాటా అంటే ఇదే.

చుండూరు మాట కూడా చెప్పాలి. 1991 ఆగస్టు 6న తెనాలి పక్కన ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న, రాష్ట్రం రెండుగా చీలడానికి నలభై రోజుల ముందు, ఉమ్మడి హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ వారాల్లో తెలుగువాళ్ళంతా హైదరాబాదు ఎవరిదని కొట్లాడుకుంటున్నారు. ఎనిమిది శవాలు ఎవరి వాటా అని అడిగిన గొంతు ఆ గోలలో వినపడలేదు.

వేరు పెట్టడం, వేరు పడటం

మనల్ని ఊరు ఎప్పుడో వేరు పెట్టింది. బావి వేరు, గ్లాసు వేరు, శ్మశానం వేరు. వేరు పెట్టడం వేరు, వేరు పడటం వేరు. 1942లో నాగపూరు మహాసభ అంటరానివాళ్ళకి సొంత గ్రామాలు కావాలని తీర్మానించింది. 1947లో రాజ్యాంగ సభకి తయారుచేసిన పత్రంలో అంబేద్కర్ అందుకు ప్రభుత్వ భూములిచ్చే కమిషన్ వేయాలన్నారు. సొంత భూమి మీద, సొంత కాళ్ళ మీద వేరు పడటమే ఆయన అడిగింది. మనకి దొరికిన కాలనీలు ఊరికి కూలీల్నిచ్చే దూరంలోనే కట్టారు.

ఈ నీతి మనకీ వర్తిస్తుంది. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా, పెద్ద గుంపులో చిన్నవాడి వాటా ఏదని మనల్నే అడిగింది. ఆ ప్రశ్న తేలడానికి, 2004లో ఒకలా, 2024 ఆగస్టు 1న మరోలా, సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. వర్గీకరణ మీద మనలో భేదాలుండొచ్చు. ఆంధ్రుల్ని మనం అడిగే ప్రశ్న, మనల్ని మనవాళ్ళు అడిగితే ఉలిక్కిపడకూడదు.

రాష్ట్రాలు ఇంకా పుడతాయి. ఉత్తరాంధ్ర, రాయలసీమ గొంతులు వినపడుతూనే ఉన్నాయి. చిన్న రాష్ట్రం వద్దని మేం అనం, కావాలని ఊరేగం. మేం అడిగేది పంపకం కాయితం రాసేముందు తేల్చాల్సిన సంగతులు. కొత్త రాష్ట్రంలో ఏ కులం చేతిలో ఎంత భూమి ఉందో లెక్క తీయాలి. అసైన్డ్ భూమికి పట్టా భూమితో సమాన విలువ కట్టాలి. అత్యాచారాల కేసులు హైకోర్టులతో పాటు చీలి మూలపడకుండా చూడాలి. 1953లో అంబేద్కర్ అడిగిన రక్షణ, హైదరాబాదు వాసులకి ఇచ్చినట్టే, చట్టంలో రాసివ్వాలి.

2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్య మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. 1917లో ఆది ఆంధ్రులొస్తారని గుడి మూసుకున్న ఊళ్ళో ఆ విగ్రహం నిలబడటం చిన్న విషయం కాదు. అయితే ఆయన ఈ రాష్ట్రం పుట్టేరోజున అడిగిన మాటకి జవాబు ఇంకా బాకీ ఉంది. ఆ బాకీ వసూలు చేయాల్సింది మనమే.